రాజుల జత చేతిలో ఉండి కూడా గింజలన్నీ పోయాయి, ఎక్కడ తప్పు చేశాను?

హనుమకొండ చౌరస్తా | ఆదివారం రాత్రి 10:42

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ మీరు రాసేవి చదువుతున్నాను. నేను రాయడం ఇదే మొదటిసారి.

దసరాకు అన్నదమ్ములం ఏడుగురం హనుమకొండలో మా ఇంట్లో కలిశాం. చిన్నప్పటి నుంచి మాకు పత్తాలంటే రమ్మీ, మూడు ముక్కలాట. రెండేళ్లుగా టెక్సాస్ హోల్డెమ్ (మనిషికి చేతిలో రెండు, అందరికీ కలిపి బల్ల మీద ఐదు పత్తాలుండే పోకర్) ఆడుతున్నాం. డబ్బులు పెట్టం. నానమ్మ చింతపండు కొట్టినప్పుడు తీసిన గింజలు డబ్బాలో దాచి పెడుతుంది, అవే మా చిప్స్. మనిషికి 200 గింజలు. పత్తాలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టేవి బ్లైండ్‌లు: చిన్న బ్లైండ్ 1, పెద్ద బ్లైండ్ 2.

రాత్రి పదకొండుకు నాకు ఆటీను రాజు, కళావరు రాజు వచ్చాయి. నిజంగా చేతులు వణికాయి. నా ముందు ఇద్దరు పెంచకుండా 2 చొప్పున సమానంగా పెట్టి కాల్ చేశారు. రెయిజ్ చేస్తే, అంటే పెంచితే, అందరూ పారిపోతారేమో, ఇంత మంచి జత వృథా అవుతుందేమో అనుకుని నేనూ 2 మాత్రమే పెట్టాను. చిన్న బ్లైండ్ ఇంకో గింజ వేశాడు, పెద్ద బ్లైండ్‌లో ఉన్న మా పెద్దనాన్న కొడుకు చెక్ అన్నాడు, అంటే ఇంకేమీ పెట్టలేదు. ఐదుగురం, పాట్ (మధ్యలో పోగైన గింజలు) 10.

ఫ్లాప్ (బల్ల మీద పడే మొదటి మూడు పత్తాలు): ఇస్పేటు తొమ్మిది, డైమను ఏడు, ఇస్పేటు నాలుగు. పెద్ద బ్లైండ్‌లోని ఆ అన్న 6 పెట్టాడు, మొదట కాల్ చేసినవాళ్లలో ఒకడు కాల్ చేశాడు. నేను 20కి పెంచాను. అన్న ఒక్కడే ఉన్నాడు. పాట్ 56. టర్న్‌లో (నాలుగో పత్తా) డైమను రెండు. అన్న చెక్, నేను 30 పెట్టాను. అన్న ఒక్క క్షణం కూడా ఆగకుండా తన 178 గింజలూ రెండు చేతులతో ముందుకు తోశాడు. రాజులు ఉన్నాయి కదా అని కాల్ చేశాను. రివర్ (ఐదో, చివరి పత్తా) కళావరు జాక్. అన్న ఏడు, నాలుగు చూపించాడు. రెండు జతలు.

నిద్ర పట్టడం లేదు. గింజల కోసం కాదు. అంత పెద్ద జత మళ్లీ ఎప్పుడు వస్తుంది? ఎక్కడ తప్పు చేశానో చెప్పండి.

కాజీపేట జంక్షన్ | ఆదివారం రాత్రి 10:58

ఫ్లాప్‌కు ముందు రెయిజ్ చేయకపోవడమే తప్పు తమ్ముడూ. తర్వాత జరిగినవన్నీ దాని వెంట వచ్చినవే.

ఓరుగల్లు కోట | ఆదివారం రాత్రి 11:31

తమ్ముడూ, నువ్వు ఆటను అంత వివరంగా గుర్తుపెట్టుకుని రాయడం నచ్చింది. సగంమంది "నా నసీబు బాలేదు" అని ఊరుకుంటారు.

నీ అన్న చేతిలో ఏడు, నాలుగు. రెండూ వేరే రంగులై (ఒకటి ఇస్పేటు, ఒకటి ఆటీను లాంటివి) ఉంటే పోకర్‌లో దాదాపు పారేసే పత్తాలు. ఆ చేతితో ఫ్లాప్ చూడడానికి అతను కొత్తగా ఎన్ని గింజలు పెట్టాడు? ఒక్కటి కూడా లేదు. ఊరికే చూపించావు. నువ్వు 12 పెట్టి ఉంటే అతను ఇంకో 10 పెట్టాలి. ఏడు, నాలుగుతో పది గింజలు పెట్టేవాడు మీ ఇంట్లో ఉన్నా, ప్రతిసారీ పెట్టడు. పెడితే నీకే లాభం.

12 ఎలా వచ్చిందంటే: పెద్ద బ్లైండ్‌కు నాలుగింతలు 8, నీకంటే ముందు ఊరికే కాల్ చేసిన ఒక్కొక్కరికీ ఇంకో 2. ఇద్దరు కాబట్టి 12. మూడు ముక్కలాట అలవాటున్న ఇళ్లలో "చూద్దాం, పోయేదేముంది" అనే మనుషులు ఎక్కువ. అలాంటి చోట 14, 15 పెట్టినా పరవాలేదు. ఎంత పెడితే ఒకరో ఇద్దరో మాత్రమే మిగులుతారో అదే మీ బల్లకు సరైన రెయిజ్. అది పుస్తకంలో దొరకదు, కూర్చుని చూస్తేనే తెలుస్తుంది.

ఒక్కటి మాత్రం మనసులో పెట్టుకో. రాజుల జత ఎంత పెద్దదైనా అది ఒక్క జతే. ఫ్లాప్‌కు ముందు దాన్ని మించింది ఆసుల జత ఒక్కటే. ఫ్లాప్ పడ్డాక దాన్ని మించేవి చాలా పుడతాయి. అందుకే బలంగా ఉన్నప్పుడే గింజలు లోపలికి రావాలి.

కరీంనగర్ లెక్కల టీచర్ | సోమవారం ఉదయం 6:15

స్కూలుకు వెళ్లే ముందు నా వంతు లెక్కలు రాస్తున్నాను.

"మళ్లీ ఎప్పుడు వస్తుంది" అన్నావు. 52 పత్తాల్లో రెండేసి తీస్తే 1,326 రకాల చేతులు. అందులో రాజుల జతలు 6. అంటే 221 పంపకాల్లో ఒకసారి. ఆసులూ అంతే, రెండుల జతా అంతే. ఏదో ఒక జత రావడం మాత్రం 17 పంపకాల్లో ఒకసారి. బాధపడకు, వస్తుంది.

ఇక ఐదుగురి సంగతి. రాజుల జత ఏవో రెండు పత్తాలున్న ఒక్కడితో చివరిదాకా వెళ్తే 82 శాతం గెలుస్తుంది. అలాంటివాళ్లు నలుగురు ఉంటే సుమారు 50 శాతం. ఆసులైతే ఒక్కడి మీద 85, నలుగురి మీద 56, ఎనిమిదిమంది మీద 35. నీ చేతిలో ఉన్నవి అవే పత్తాలు. ఎదురుగా కూర్చున్నవాళ్ల సంఖ్య ఒక్కటే మారింది. నువ్వు కాల్ చేసిన ఆ 2 గింజలతోనే నీ జత విలువ 82 నుంచి 50 దగ్గరికి జారింది.

గోదావరిఖని సెకండ్ షిఫ్ట్ | సోమవారం మధ్యాహ్నం 12:20

నేను ఒప్పుకోను. గెలిచే శాతం తగ్గింది సరే, పాట్ పెరగలేదా? ఆసులతో తొమ్మిదిమంది ఒకేసారి ఆల్ ఇన్ చేశారనుకోండి, అంటే ముందున్నవన్నీ పెట్టేశారనుకోండి. మూడుసార్లలో ఒకసారి గెలిచినా తొమ్మిది మంది గింజలు వస్తాయి. ఒక్కడి మీద 85 శాతం గెలవడం కంటే అదే లాభం. ఎక్కువమంది ఉంటే భయమెందుకు? పైగా అప్పుడప్పుడు ఊరికే కాల్ చేసి దాక్కుంటేనే ఎదుటివాడు ఉచ్చులో పడతాడు.

కరీంనగర్ లెక్కల టీచర్ | సోమవారం సాయంత్రం 5:05

మీ లెక్క తప్పు కాదు. గింజలన్నీ ఫ్లాప్‌కు ముందే లోపలికి వస్తే మీరన్నది అక్షరాలా నిజం. కానీ ఈ తమ్ముడి ఆటలో లోపలికి వచ్చింది మనిషికి 2 గింజలు. ఇంకా 198 బయటే ఉన్నాయి. ఆ 198 ఎప్పుడు, ఏ పత్తాలు చూశాక లోపలికి వెళ్తాయన్నదే కష్టమంతా.

ఓరుగల్లు కోట | సోమవారం రాత్రి 9:48

టీచరమ్మ సరిగ్గా పట్టుకున్నారు. దాన్నే నేను నా పద్ధతిలో చెప్తాను.

ఫ్లాప్ పడ్డాక పాట్ ఎంత, మన ముందు మిగిలింది ఎంత, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. తమ్ముడి ఆటలో పాట్ 10, ముందు 198. దాదాపు ఇరవై రెట్లు. అదే 12 పెట్టి, ముందు కాల్ చేసినవాళ్లలో ఒక్కడే మిగిలి, రెండోవాడు తన 2 వదిలేసి, బ్లైండ్‌లూ వెళ్లిపోతే పాట్ 29, ముందు 188. ఆరున్నర రెట్లు. ఇరవై రెట్లు మిగిలిన చోట ఎవడైనా మొత్తం తోస్తే, ఒక్క జతకు మించింది ఉండబట్టే తోస్తాడు. ఆరు రెట్లు, అంతకంటే తక్కువ ఉన్న చోట తొమ్మిది జతపడ్డవాడు, పదుల జత ఉన్నవాడు కూడా మనకు గింజలు ఇస్తాడు. ఒక్క జతతో ఆడేవాడికి చిన్న దూరం మంచిది.

గోదావరిఖని అన్నా, దాక్కోవడం అనేది ఒకే చోట పనికొస్తుంది. మన వెనక ప్రతిసారీ రెయిజ్ చేసే మనిషి ఒకడు ఉన్నాడని తెలిస్తే, వాడు పెంచేదాకా ఆగి మళ్లీ పెంచవచ్చు. ఊరికే చూసే బల్ల మీద దాక్కుంటే ఉచ్చులో పడేది మనమే.

గోదావరిఖని సెకండ్ షిఫ్ట్ | సోమవారం రాత్రి 11:56

ఇప్పుడే డ్యూటీ దిగాను. ఆ ఇరవై రెట్లు, ఆరు రెట్ల మాట నేనెప్పుడూ అలా ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నా.

హనుమకొండ చౌరస్తా | మంగళవారం ఉదయం 7:40

అందరికీ థ్యాంక్స్. రెయిజ్ సంగతి అర్థమైంది. టర్న్ దగ్గర మాత్రం ఇంకా అనుమానం ఉంది. బల్ల మీద రెండు ఇస్పేట్లు ఉన్నాయి కదా, అన్న ఫ్లష్ (ఒకే రంగు పత్తాలు ఐదు) కోసం చూస్తున్నాడేమో, అది రాక భయపెడుతున్నాడేమో అనుకున్నాను. అలా అనుకోవడం తప్పా?

ఓరుగల్లు కోట | మంగళవారం రాత్రి 8:22

అనుకోవడం తప్పు కాదు. అనుకున్నదాన్ని తూకం వేయకపోవడం తప్పు.

అన్న తోసేటప్పటికి పాట్‌లో 56, నీ 30, అతని 178. మొత్తం 264. నువ్వు ఇంకా పెట్టాల్సింది 148. పెడితే పాట్ 412 అవుతుంది. 148ని 412తో భాగిస్తే 36 శాతం. అంటే నూటికి 36సార్లు గెలిస్తేనే ఆ కాల్ నష్టం లేకుండా బయటపడుతుంది.

అతనికి రెండు జతలుంటే నిన్ను కాపాడే పత్తాలు ఎన్ని? మిగిలిన రాజులు రెండు. తొమ్మిదులు మూడు, ఎందుకంటే తొమ్మిది మళ్లీ పడితే నీకు రాజులూ తొమ్మిదులూ అవుతాయి, అతని ఏడులు, నాలుగుల మీద నువ్వే పైన. అలాగే రెండులు మూడు. మొత్తం ఎనిమిది. మిగిలిన 44లో ఎనిమిది, 18 శాతం. అతను నిజంగానే ఇస్పేట్ల కోసం చూస్తుంటే నువ్వు సుమారు 80 శాతం ముందున్నావు. ఈ రెండే సాధ్యమనుకుంటే, పదిసార్లలో మూడుసార్లు అతను ఖాళీ చేతితో తోసినా నీ కాల్ సరిసమానం.

మరి మీ అన్న అలాంటివాడా? ఫ్లాప్‌లో తనే ముందు పెట్టాడు, నువ్వు మూడింతలు చేసినా వదల్లేదు, ఎవరికీ పనికిరాని రెండు పడ్డాక చెక్ చేసి నీ చేత ఇంకో 30 పెట్టించి, అప్పుడు మొత్తం తోశాడు. ఆలోచించకుండా తోశాడని నువ్వే రాశావు. చిన్నప్పటి నుంచి అతనితో ఆడుతున్నావు. ఊరికే భయపెట్టడానికి 178 గింజలు తోయడం ఎప్పుడైనా చూశావా?

హనుమకొండ చౌరస్తా | మంగళవారం రాత్రి 8:50

లేదన్నా. ఒక్కసారి కూడా చూడలేదు. రమ్మీలో కూడా చేతిలో ఉంటేనే ఆడతాడు, లేకపోతే మొదట్లోనే పడేస్తాడు.

కాజీపేట జంక్షన్ | మంగళవారం రాత్రి 8:53

ఇంకేం, సమాధానం నీ దగ్గరే ఉంది.

జనగామ బస్టాండ్ | బుధవారం ఉదయం 9:10

ఇదే చర్చలో నాదో ప్రశ్న. రాజుల జతతో సరిగ్గానే రెయిజ్ చేస్తాను. కానీ ఎప్పుడు చూసినా ఫ్లాప్‌లో ఆసు పడుతుంది! అప్పుడేం చేయాలి? చెక్ చేస్తే బలహీనం, పెడితే భయం. అడకత్తెరలో పోకచెక్కలా అవుతోంది.

కరీంనగర్ లెక్కల టీచర్ | బుధవారం సాయంత్రం 5:30

ఎప్పుడు చూసినా పడదు తమ్ముడూ, పడినప్పుడే గుర్తుంటుంది. మా పిల్లలకు చెప్పినట్టే చెప్తాను, కాగితం మీద వేసి చూడు.

నీ రెండు రాజులు పోగా 50 పత్తాలు. అందులో ఆసులు 4, కానివి 46. మొదటి పత్తా ఆసు కాకుండా ఉండడం 50లో 46. రెండోది 49లో 45. మూడోది 48లో 44. మూడూ గుణిస్తే 77 శాతం చిల్లర. కాబట్టి కనీసం ఒక ఆసు పడేది 22.5 శాతం, అంటే నాలుగు, ఐదుసార్లలో ఒకసారి. రాణుల జతకు పైన రెండు రకాలు, ఆసో రాజో పడేది 41 శాతం. జాక్‌ల జతకు 57. అంటే జాక్‌లతో సగం కంటే ఎక్కువసార్లు ఫ్లాప్‌లో మనకంటే పెద్ద పత్తా కనిపిస్తుంది. జాక్‌లు కష్టమని అందరూ అనేది అందుకే.

ఆసు పడినంత మాత్రాన ఎదుటివాడి చేతిలో ఆసు ఉన్నట్టు కాదు. బల్ల మీద ఒకటి పడింది కాబట్టి ఇక మూడే మిగిలాయి. ఒక్కడే ఎదురుంటే పాట్‌లో మూడో వంతు పెట్టి చూడు. ఆసు లేనివాడు చాలాసార్లు వెళ్లిపోతాడు. కాల్ చేసి, టర్న్‌లో కూడా కదలకపోతే ఆపేయి. ముగ్గురు నలుగురు ఉంటే అసలు పెట్టకు, చెక్ చేసి ఎవరు ఏం చేస్తారో చూడు.

మంచిర్యాల గోదారి | గురువారం రాత్రి 10:05

రాణుల జత గురించి నేనొక మాట చెప్తాను, దీని మీద చాలా రాత్రులు కూర్చున్నాను. మనం రెయిజ్ చేస్తే ఎవడో మళ్లీ పెంచుతాడు. వెంటనే "వాడికి ఆసులో రాజులో ఉన్నాయి" అని గుండె జారిపోతుంది. లెక్క వేయండి. ఆసుల జతలు 6 రకాలు, రాజుల జతలు 6. ఆసు–రాజు జోడీలు మాత్రం 16. వాడు ఈ మూడింటితోనే పెంచే మహా జాగ్రత్తపరుడైనా, 28లో 16సార్లు వాడి చేతిలో ఆసు–రాజే ఉంటుంది. దాని మీద రాణులు కొంచెం ముందే. మొత్తం మీద అలాంటివాడితో మనకు 40 శాతం దాకా ఉంటుంది. అందుకని ఒక్క పెంపుకే రాణులు పారేయకండి, కాల్ చేసి ఫ్లాప్ చూడండి. వాడు ఇంకా నాలుగైదు రకాల చేతులతో పెంచేవాడైతే మనమే ముందు.

రాజులతో అయితే అసలు ఆలోచించొద్దు. ఏడుగురి బల్ల మీద మనకు రాజులున్నప్పుడు మిగతా ఆరుగురిలో ఒకరికి ఆసుల జత ఉండేది సుమారు 3 శాతం. దానికి భయపడి ఆడితే మిగతా 97సార్లు నష్టపోతాం.

ములుగు రోడ్ | గురువారం రాత్రి 10:40

ఐదుల జత, ఆరుల జత లాంటి చిన్నవాటి సంగతి?

ఓరుగల్లు కోట | గురువారం రాత్రి 11:02

అవి వేరే ఆట. ఫ్లాప్‌లో మూడోది పడితేనే వాటికి ప్రాణం, అది ఎనిమిది, తొమ్మిదిసార్లలో ఒకసారి. తక్కువకు చూడు, పడకపోతే వదిలేయి. ఎదుటివాడి ముందు గింజలు బాగా ఉంటేనే ఆ ఎదురుచూపుకు అర్థం.

జనగామ బస్టాండ్ | శుక్రవారం ఉదయం 8:30

ఇవన్నీ ప్రాక్టీస్ చేయడానికి మంచి యాప్ ఏదైనా చెప్తారా? కొంచెం డబ్బు పెట్టి ఆడేదైనా సరే.

నిర్వాహకుడు | శుక్రవారం ఉదయం 9:15

ఈ వేదికలో డబ్బు ఆటల యాప్‌ల పేర్లు చెప్పడానికి వీల్లేదు. తెలంగాణలో 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడడాన్ని నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. 1968లో సుప్రీంకోర్టు మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులోనే రమ్మీని నైపుణ్యం ఉన్న ఆట అంది కదా అని కొందరు వాదిస్తారు. ఆ తీర్పు చూపించి ఇప్పుడు యాప్‌లో డబ్బు పెట్టడం కుదరదు. గింజలతో, గుండీలతో ఆడండి.

మంచిర్యాల గోదారి | శుక్రవారం మధ్యాహ్నం 1:45

నిర్వాహకుడి మాటకు తోడుగా నాదొకటి. మా తమ్ముడు ఫోన్‌లో ఆడి బండి అమ్మాడు, తర్వాత అమ్మ పుస్తెలతాడు తాకట్టు పెట్టాడు. ఆట రాక కాదు, బాగానే ఆడేవాడు. ఓడిన రాత్రి పడుకోకుండా మళ్లీ డబ్బు వేసేవాడు. ఈ ఆటలో లెక్క ఎంత అందంగా ఉంటుందో నాకు తెలుసు, అందుకే ఇక్కడికి వస్తాను. డబ్బు పెట్టకుండానే ఆ అందమంతా దొరుకుతుంది. దయచేసి ఆ వైపు వెళ్లకండి.

జనగామ బస్టాండ్ | శుక్రవారం మధ్యాహ్నం 2:10

అర్థమైంది అన్నా. తెలియక అడిగాను. మా గల్లీలోనే నలుగురిని కూర్చోబెడతాను.

హనుమకొండ చౌరస్తా | ఆదివారం రాత్రి 11:20

ఈరోజు మళ్లీ ఆడాం. రెండు ఆటలు చెప్పాలి.

మొదటిది రాణుల జత. నా ముందు ఒకరు కాల్ చేశారు, నేను 10 పెట్టాను. పెద్దనాన్న కొడుకు ఒక్కడే వచ్చాడు. ఫ్లాప్‌లో రాజు, ఎనిమిది, మూడు. అన్న చెక్. మూడో వంతు పెట్టాను. కాల్ చేశాడు. టర్న్‌లో ఐదు. ఈసారి తనే 25 పెట్టాడు. టీచరమ్మ చెప్పింది గుర్తొచ్చింది. నిమిషంసేపు గింజలు వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చుని, పత్తాలు బోర్లా వేశాను. అన్న తన పత్తాలు చూపించలేదు. అడిగితే నవ్వి టీ తాగడానికి లేచాడు. రాజు ఉందో లేదో ఇప్పటికీ తెలియదు.

రెండోది ఆసుల జత! ఇద్దరు కాల్ చేసి ఉన్నారు, 14 పెట్టాను. అందరూ ఫోల్డ్, పత్తాలు పారేశారు. బ్లైండ్‌లతో కలిపి 7 గింజలు వచ్చాయి. 221సార్లలో ఒకసారి వచ్చే చేతికి ఏడు గింజలు. కొంచెం బాధగా ఉంది.

కాజీపేట జంక్షన్ | ఆదివారం రాత్రి 11:34

రాణులు వదిలేయడం బాగుంది తమ్ముడూ. రాజు లేకపోయినా బాగుంది.

కరీంనగర్ లెక్కల టీచర్ | సోమవారం ఉదయం 6:20

ఆ ఏడు గింజల ఆటకు ముందు సాయంత్రం మొత్తంలో నువ్వు ఫ్లాప్‌కు ముందు ఎన్నిసార్లు రెయిజ్ చేశావు?

హనుమకొండ చౌరస్తా | సోమవారం ఉదయం 7:05

ఒక్కసారే. ఆ రాణుల జతతో.

ఓరుగల్లు కోట | సోమవారం ఉదయం 7:30

మరి వాళ్లు మాత్రం ఎందుకు కాల్ చేస్తారు? నువ్వు నోరు తెరిచావంటే పెద్ద జత ఉన్నట్టేనని బల్లంతా తెలిసిపోయింది. ఆసు–రాణితో పెంచు. ఒకే రంగు రాజు–రాణితో పెంచు. తొమ్మిదుల జతతో పెంచు. చివరి స్థానంలో కూర్చున్నప్పుడు, నీ ముందు ఎవరూ రాకపోతే, ఇంకా కొంచెం చిన్నవాటితోనూ పెంచు. అన్నింటికీ ఒకే లెక్క, బ్లైండ్‌కు నాలుగింతలు, కాల్ చేసినవాళ్లకు ఇంకో రెండేసి. ఆసులకు 14, తొమ్మిదులకు 8 అని మార్చావంటే మీ అన్న అది కూడా లెక్కపెడతాడు.

హనుమకొండ చౌరస్తా | సోమవారం ఉదయం 7:41

నిజమే అన్నా, రాణులకు 10, ఆసులకు 14 పెట్టాను. ఆసులకు రెండు ఎక్కువయ్యాయి, చేతిలో ఏముందో చూసుకుని పెంచాను. దీపావళికి అందరం మళ్లీ కలుస్తున్నాం. ఆ రోజు ఏ జత వచ్చినా ఒకే లెక్కతో పెట్టి, ఏమైందో ఇక్కడే రాస్తాను. నానమ్మ ఇంకో డబ్బా గింజలు కడిగి ఎండబెట్టింది.